పొల్లు పోని మాట

మా రేడియో క్లబ్బువాళ్ళు తమ ట్రైలర్ గురించి నున్నటి కాగితం మీద రంగుల్లో ఒక కరపత్రం అచ్చు వేయించారు. అందులో నా పేరు లేదు. ఉండాలని నేను అడగనూ లేదు. కానీ అందులో 'వరద రోజుల్లో ఒక్క పొరపాటు లేకుండా సందేశాలు చేరవేసిన బండి' అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం తీసెయ్యమని అడిగాను. ఎందుకన్నారు. చెప్పాను. విన్నారు, తలలూపారు, తియ్యలేదు. వాళ్ళ కరపత్రం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. నా మాట తెలుగులో ఉండనీ అని ఇది రాస్తున్నాను.

బండి సంగతి ముందు చెప్పాలి. రియాద్‌లో మలాజ్ పేటలో మా కఫీల్‌కు కరెంటు సామాన్ల దుకాణం ఉంది. కఫీల్ అంటే నన్ను ఈ దేశంలో తన పూచీ మీద ఉంచుకున్న యజమాని. ఆయనకు హామ్ రేడియో సరదా. లైసెన్సు తీసుకుని, సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్ళతో మాట్లాడుకునే సరదా అది. అలాంటివాళ్ళు పదిపన్నెండు మంది కలిసి క్లబ్బు పెట్టుకున్నారు. వరదొచ్చి ఫోన్ల టవర్లు కూలిపోతే అప్పుడు పనికొచ్చేది ఈ పాత వైర్‌లెస్సే కదా అని రెండు చక్రాల ట్రైలర్ ఒకటి కట్టించారు. తెల్ల డబ్బా. లోపల రెండు సెట్లు, బల్ల, నాలుగు పెద్ద బ్యాటరీలు, వెనక జనరేటరు, పైన చేత్తో తిప్పి లేపే ఏరియల్ మాస్టు. దుకాణం వెనక ప్రహరీలో అది నిలబడి ఉంటుంది. దాన్ని కడిగేది, బ్యాటరీల్లో నీళ్ళు పోసేది, శుక్రవారం శుక్రవారం జనరేటరు ఒక గంట నడిపేది నేను.

నేను చదివింది నాలుగో తరగతి. జగిత్యాల దిక్కు మాది. ఇంటికి క్యాసెట్లలో మాటలు నింపి పంపుకునే కాలంలో ఈ దేశం వచ్చి, వైరింగు పనిలో ముసలివాణ్ణయ్యాను. ఈ రేడియో విద్య నాకెవరూ నేర్పలేదు. సెట్టుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, ఒక్కో మాట పక్కన పెన్సిలుతో తెలుగు రాసుకుంటూ నేర్చుకున్నాను. ఏరియల్ వైరు కిందికి దించి కడితే మాట దగ్గరి ఊళ్ళలో పడుతుందనీ, పైకి లేపితే దూరం పోతుందనీ ఇంజనీర్లకంటే ముందు నేనే చెప్పేవాణ్ణి. అయినా మైకు నొక్కే హక్కు నాకు లేదు. లైసెన్సు లేదు కదా. సెట్టు ఏదైనా దాని మీద అరబ్బీ, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని క్లబ్బు నియమం కూడా ఒకటి ఉంది. తెలుగులో మాట్లాడితే గాలి మైలపడుతుందేమో.

నాకిచ్చిన హోదా రాత పని. వచ్చిన కబురు ఏదైనా ముందు ఒక ఫారం మీద పెద్ద అక్షరాల ఇంగ్లీషులో రాయాలి. ఇరవై ఐదు మాటలకు మించకూడదు. లైసెన్సున్నవాడు అది చదువుతాడు, అవతలివాడు రాసుకుని మళ్ళీ చదివి వినిపిస్తాడు. ఒక్కో అక్షరం సరిచూసుకున్నాకే అందినట్టు లెక్క. క్లబ్బులో అందరి రాతా మందుల చీటీలా ఉంటుంది, నాది అచ్చు పోసినట్టు ఉంటుంది. అందుకని ఆ పని నాకు వచ్చింది. నాకు ఆ రాత మీద గర్వం ఉండేది. ఉండేదనే రాస్తున్నాను.

మా ప్రహరీకి ఆనుకునే కఫీల్ అన్నగారి ఇల్లు. ఆ ఇంట్లో వంటకూ పిల్లలకూ గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. నలభై ఏళ్ళుంటాయి. మధ్యాహ్నం చెత్త సంచి వీధి డబ్బాలో వెయ్యడానికి వచ్చి, గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడి తెలుగు మాట్లాడుకుని పోయేది. నన్ను బాబాయ్ అనేది. ఆమె భర్త నజ్రాన్ దగ్గర ఒక ఖర్జూరపు తోటలో మోటార్లు చూసుకునేవాడు, పికప్పు నడిపేవాడు. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గానీ మధ్యన పదకొండు గంటల దారి. ఏడాదికోసారి తోట పని మీద రియాద్ వస్తే చూసుకునేవాళ్ళు. ఆ ఏడు ఇద్దరూ కలిసి ఎగ్జిట్, అంటే ఈ దేశం వదిలే అనుమతి, కొట్టించుకుని ఇంటికి పోదామనుకున్నారు. ఆమె ఎగ్జిట్ కాగితం అయిపోయింది. అతనిది రావాలి.

అంతకుముందు ఒకసారి అతను వచ్చి రెండు రోజులుండి బయల్దేరాడు. మర్నాడు ఆమె చెత్త సంచి పట్టుకుని వస్తే, ఊరికే పలకరింపుగా అడిగాను.

"మీ ఆయన పోయిండా బిడ్డా?"

ఆమె సంచి వదిలేసింది. మొహం తెల్లబోయింది. "అంత మాట అన్నారేంటి బాబాయ్," అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమే చెప్పింది, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. వాళ్ళ వైపు ఇంటాయన్ని పోయాడనరట. పోయాడంటే చచ్చిపోయాడనట. వెళ్ళాడనాలట. నేను నవ్వి, "మా దిక్కు అందరం రోజుకు పదిసార్లు పోతం, మల్ల తిరిగొస్తం," అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత నేనెప్పుడు దుకాణానికి పోయొస్తానన్నా, నూరేళ్ళుండండి బాబాయ్ అని వెక్కిరించేది. నేనూ ఆమె ముందు నాలుక మడుచుకుని 'వెళ్ళిండు' అనేవాణ్ణి. వెళ్ళిండు ఏం మాటండీ, అటూ కాదు ఇటూ కాదు అని దానికీ నవ్వేది.

ఆ చలికాలం దక్షిణాన వానలు పట్టుకున్నాయి. ఎండిపోయి ఉండే వాదీలు, అంటే ఇక్కడి వాగులు, ఒక్క పూటలో పారాయి. నజ్రాన్ పక్క పల్లెలకు ఫోన్లు తెగిపోయాయి. క్లబ్బువాళ్ళకు పైనుంచి పిలుపొచ్చింది. ఎప్పుడూ ప్రదర్శనలకు బెలూన్లు కట్టి తిప్పే బండి మొదటిసారి పనికి బయల్దేరింది. నేను జనరేటరుకు తాడు బిగిస్తుంటే ఆమె గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో చెత్త సంచి లేదు. నాలుగు రోజుల నుంచి అతని ఫోను మోగడం లేదట.

"బాబాయ్, ఏ సంగతైనా సరే, ఒక్క ముక్క నాకు తెలియజెయ్యండి. మంచైనా చెడైనా. ఊరికే మాత్రం ఉంచెయ్యకండి," అంది.

సరేనన్నాను. బండిలో మొదటి ఫారం నీకోసమే రాస్తానన్నాను.

నజ్రాన్‌లో ఒక బడి మైదానంలో బండి నిలబెట్టి మాస్టు లేపాము. దూరపు సెట్టు మీద కూర్చున్నది క్లబ్బులోని ఒక సౌదీ బడి మాస్టారు, నెమ్మదస్తుడు. దగ్గరి మాటలకు చేతి సెట్లు ఉన్నాయి. వాటిని పట్టుకుని మా క్లబ్బువాళ్ళు ముగ్గురు నలుగురు రక్షణ సిబ్బంది బండ్లెక్కి పల్లెలకు వెళ్ళారు. అందులో ఒకాయన కృష్ణా జిల్లా ఇంజనీరు, జుట్టు నెరిసినవాడు, లైసెన్సున్నవాడు. ఆయన్ని ఆ తోట వైపు పంపమని మాస్టారుతో నేనే అడిగి పెట్టించాను. చేతి సెట్టు మీద ఎవడు వింటాడులే అని నేనూ ఆయనా తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. నియమం రెండు వైపులా తప్పాము. నాకైతే మైకు ముట్టుకునే హక్కే లేదు.

రెండో రోజు మధ్యాహ్నం, మాస్టారు నమాజుకు లేచిన వేళ, చేతి సెట్టు బరబరలాడింది.

"తోట దగ్గరున్నానండి. ఆయన సంగతి తెలిసింది. పోయారండి. పొద్దున్నే పోయారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజం రాస్తున్నాను, లేచొచ్చింది. "ఎట్ల పోయిండు సార్?" అని అడిగాను. మా దిక్కు ఆ ప్రశ్నకు ఏ దారిన, దేనిమీద అనే అర్థం.

"బండితో..." మధ్యలో మాట కొట్టుకుపోయింది. "...పోయారండి. ఆవిడకి ఎలాగైనా తెలియజెయ్యండి. నన్నిక్కణ్ణుంచి ఇంకో ఊరు పంపుతున్నారు."

మళ్ళీ చెప్పమని నేను అడగలేదు. అవతలివాడు చెప్పింది మళ్ళీ చదివి వినిపించాలని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషుకూ అరబ్బీకీ ఆ నియమం ఉంది. సొంత భాషకు ఎందుకనుకున్నానో ఏమో. నా భాష నాకు అర్థం కాకపోవడమేంటి.

ఫారం తీసుకుని రాశాను. మీ భర్త ఈ ఉదయం వాహనంలో తోట నుంచి బయల్దేరాడు. దీన్ని ఇంగ్లీషులో ఏడే మాటల్లో తేల్చాను. 'లెఫ్ట్' అని రాసినప్పుడు అక్షరాలు ఎంత కుదురుగా వచ్చాయో నాకింకా గుర్తుంది. పోయిండు అనే మాట ఆమెకు పడదని గుర్తొచ్చి, ఇంగ్లీషులో ఆ బాధ లేదులే అని లోపల ఒకసారి నవ్వుకున్నాను కూడా. ఇంత గుర్తున్నవాడికి, చెప్పినాయనది కూడా ఆమె వైపేనన్నది గుర్తు రాలేదు.

నమాజు నుంచి వచ్చి మాస్టారు రియాద్‌కు చదివాడు. వాళ్ళు రాసుకుని తిరిగి చదివారు. ఎల్, ఈ, ఎఫ్, టి. ఒక్క అక్షరం తేడా లేదు. రియాద్‌లో మా క్లబ్బువాడు ఆ కబురు మంచి కాగితం మీద ఎత్తి రాసి, క్లబ్బు ముద్ర కొట్టి, తీసుకుపోయి ఆమె చేతికిచ్చి చదివి అర్థం చెప్పాడు. ఆ పూట నేను అన్నం ఆకలితో తిన్నాను.

మర్నాడు రియాద్ నుంచి ఆమె పేరున ప్రశ్న వచ్చింది. ఎటు బయల్దేరాడు, ఎవరి బండి. ఇంజనీరుగారు ఇంకో వాదీ అవతల ఉన్నాడు, ఆయన సెట్టు తడిసిపోయింది. అడగడానికి దారి లేదు. దార్లు మూసేశారు, ఎదురు చూడు అని జవాబు రాశాను. అది ఎవరూ చెప్పిన మాట కాదు. నా సొంతంగా రాశాను. ధైర్యం చెబుతున్నాననుకున్నాను.

ఆరో రోజుకు టవర్లు నిలబడ్డాయి. మా పని అయిపోయింది, మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాము. తిరుగు దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర చాయ్ తాగుతుంటే ఇంజనీరుగారు వచ్చి పక్కన కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"పాపం ఆవిడ ఎలా ఉందండి? తట్టుకుందా?" అన్నాడు.

"ఎదురు చూస్తున్నదట సార్. ఇంతకు ఎటు పోయిండో ఏమన్న ఎరికైందా?" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. ఆ చూపులోనే నాకు మొత్తం తెలిసిపోయింది. తర్వాత ఆయన మెల్లగా చెప్పాడు. వాదీ పక్కన మోటారు విప్పి తెచ్చుకుందామని పికప్పు వేసుకుని దిగాడట. బండితో సహా పోయాడట. ఆ పొద్దున్నే కిందికి మూడు మైళ్ళ దూరాన దొరికాడట. ఆస్పత్రిలో ఉంచారట. సహా అన్న మాటే ఆ బరబరలో నాకు వినపడనిది.

మిగతా దారి ఎలా వచ్చానో రాయను. రియాద్‌లో ఆ ఆరు రోజులూ ఏం జరిగిందో మాత్రం రాయాలి.

ఫోన్లు రాగానే తోటవాళ్ళు ఊరికి కబురు చేశారు. ఊరి నుంచి మరిది ఈమెకు ఫోను చేసి ఏడ్చాడు. ఈమె ఏడవలేదు. అబద్ధం అంది. నా దగ్గర ముద్ర కొట్టిన కాగితం ఉంది, రేడియోలో వచ్చింది, ఆయన బండెక్కి బయల్దేరారు, దార్లు మూసేశారు, ఎదురు చూడమన్నారు అంది. ఊళ్ళో పిల్లలకు కూడా నాన్న బయల్దేరారనే చెప్పింది. శవాన్ని ఇంటికి పంపాలంటే భార్య సంతకం కావాలి. కఫీల్ అన్నగారు కాగితాలు పట్టుకుని రెండుసార్లు అడిగాడట. బతికున్నవాణ్ణి శవమని రాసివ్వమంటారా అని లోపలికి వెళ్ళి తలుపేసుకుందట. అతను ఆస్పత్రి చలిపెట్టెలో ఉండిపోయాడు, నా అక్షరాల అందం వల్ల.

మేము ప్రహరీలోకి బండి లాగేసరికి ఎండ దిగుతోంది. ఆమె గేటు దగ్గరే ఉంది. నల్ల అబాయా మీద స్కార్ఫు కొత్తది కట్టుకుంది. నేను దిగగానే కాగితం తీసి చూపించింది.

"మావాళ్ళు ఏంటేంటో అంటున్నారు బాబాయ్. ఇది ఎవరు రాశారో వాళ్ళని అడగండి. ఎటు వెళ్ళారో వాళ్ళకి తెలుస్తుంది," అంది.

ఆ కాగితం మీద చేతిరాత నాది కాదు. రియాద్‌లో ఎత్తి రాసినవాడిది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ మాట ఎవడో క్లబ్బువాడి ఇంగ్లీషులో కలిసిపోయేది. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే ఇది రాయడమే దండగ.

"నేనే రాసిన బిడ్డా," అన్నాను. "నాకు తెలుగులనే చెప్పిండ్రు. పోయారు అన్నరు. నేను బయలెల్లిండని రాసిన."

ఆమె కాగితం సగానికి మడిచింది.

"మీకు చెప్పాను కదా బాబాయ్," అంది. "ఆ మాట మీకు నేనే చెప్పాను."

గొంతు పెంచలేదు. చెయ్యి స్కార్ఫు కిందికి పోనిచ్చి పాపిట తడుముకుంది. వేలికి ఎర్రగా అంటింది. ఈ దేశంలో స్కార్ఫు కింద ఎవరూ చూడరు, అయినా రోజూ పెట్టుకునేది. ఆ వేలు నాకు చూపించలేదు, తనే చూసుకుంది. "ఆరు రోజులు పెట్టుకున్నాను," అంది. తర్వాత సంతకం కాగితం ఎక్కడుందో అడగడానికి లోపలికి వెళ్ళింది. వెళ్ళిందనే రాస్తున్నాను.

ఎగ్జిట్ చేతిలో ఉన్నది కాబట్టి, మిగతా కాగితాలు తేలడానికి మూడు వారాలు పట్టినా, అతనితో పాటే ఒకే విమానంలో వెళ్ళింది. కలిసి ఎగ్జిట్ కొట్టించుకుందామనుకున్నది అలా అయింది. బయల్దేరే రోజు మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చి ఆ కాగితం నాకిచ్చింది. చిన్నగా నాలుగు మడతలు పెట్టి ఉంది. ఇది నా దగ్గర ఉంటే చదువుతూ ఉంటాను బాబాయ్, మీరే ఉంచండి అంది. మంచిగా వెళ్ళిరా బిడ్డా అన్నాను. ఆమె మళ్ళీ రాదని ఇద్దరికీ తెలుసు. ఈసారి నా మాటకు నవ్వలేదు.

క్లబ్బువాళ్ళకు నేను జరిగింది చెప్పాను. అధ్యక్షుడు ముసలాయన, మంచివాడే. చాలా బాధపడ్డాడు, అల్లా రాత అన్నాడు. ఆ తర్వాత కబుర్లన్నీ నమోదు చేసే లాగ్ పుస్తకం తెరిచి చూపించాడు. పంపింది ఏమిటో అందింది అదే. ఒక్క పొల్లు పోలేదు. రేడియో తప్పు చెయ్యలేదన్నాడు. రేడియో చేసిందని నేననలేదు. నేను చేశాను, అది అందులో రాయమన్నాను. లాగ్‌లో తర్వాత ఏదీ కలపకూడదట, అది నియమమట. ఇన్ని నియమాల్లో ఆమె కోసం ఒక్కటి లేకపోయింది.

ఇప్పుడు ఫారం రాయాల్సొస్తే పక్కన ఖాళీలో విన్న మాట విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుంటాను. ఇది ఫారమా, నీ ఇంటి ఉత్తరమా అని ఒకసారి కఫీల్ కోప్పడ్డాడు. నేను మానలేదు. నన్ను పంపించేస్తే పంపించెయ్యనీ. నా ఎగ్జిట్ వయసు ఎప్పుడో దాటింది.

మొన్న ఒక ప్రదర్శన జరిగింది. పెద్ద గుడారంలో బండి నిలబెట్టి, మళ్ళీ బెలూన్లు కట్టి, లోపల బల్ల పైన గోడకు నజ్రాన్ ఫారాలు అద్దం వేసి తగిలించారు. నా రాత బాగుంటుంది కదా, నావే ఎంచారు. మూడోది అదే. తియ్యమంటే అధ్యక్షుడు నా భుజం తట్టి, అందులో పేరు లేదు కదా అన్నాడు. నేను జనరేటరు దగ్గర కూర్చున్నాను.

ఒక పెద్దాయన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ఫారాలు ఒక్కోటీ చదివాడు. మూడోదాని దగ్గర ఆగి, అధ్యక్షుణ్ణి అడిగాడు.

"వసల్?"

అరబ్బీలో అది ఒకటే మాట. చేరిందా అన్నా అదే, చేరాడా అన్నా అదే. ఆ పెద్దాయన అడిగింది మనిషి గురించి. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

"వసల్, వసల్," అన్నాడు మా అధ్యక్షుడు సంతోషంగా. ఆయన చెప్పింది సందేశం గురించి.

పెద్దాయన ఊరటగా అల్‌హమ్దులిల్లా అని మనవరాలికి ఆ కాగితం వేలు పెట్టి చూపించాడు. నేను లేచి జనరేటరు మీట కిందికి కొట్టాను. బండిలో దీపాలు ఆరిపోయాయి, ఫ్యాను ఆగింది, అద్దం వెనక ఫారాలు నల్లగా అయిపోయాయి. క్లబ్బువాళ్ళు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు. పెట్రోలు అయిపోయిందని చెప్పాను. ట్యాంకు సగానికి పైనే ఉంది.